తెలుగు అక్షరాల గుండ్రదనం: తాటాకు వాదం ఎంతవరకు నిలుస్తుంది?

తెలుగు అక్షరాలు గుండ్రంగా ఎందుకున్నవి అని తరగతిలో ఏ విద్యార్థి అడిగినా ఉపాధ్యాయుని వద్ద సమాధానం సిద్ధంగా ఉంటుంది. పూర్వం తాటాకుల మీద గంటంతో వ్రాసేవారు. అడ్డగీత గీస్తే ఆకు చీలిపోతుంది. అందుచేత మన పూర్వులు గీతలను వంచి గుండ్రంగా వ్రాశారు. సమాధానం చిన్నది, వినడానికి ఇంపైనది. కారణమూ కార్యమూ రెండూ ఒక్క వాక్యంలో ఇమిడిపోయినవి. విద్యార్థి తృప్తిపడి కూర్చుంటాడు. ఇంత త్వరగా తృప్తి కలిగించే సమాధానాన్ని విజ్ఞానశాస్త్రం బోధించేవారు కొంచెం అనుమానించవలసి ఉన్నది. భౌతిక శాస్త్రంలో ఒక ప్రతిపాదనను ఏ పరీక్షలకు పెడతామో ఆ పరీక్షలకే ఈ తాటాకు వాదాన్ని కూడా పెట్టి చూద్దాము.

ముందుగా వాదాన్ని దాని బలమైన రూపంలో చెప్పుకోవాలి. బలహీనం చేసి చెప్పి కొట్టివేయడం విమర్శ కాదు. తాటాకులో నారలు ఆకు పొడవునా సాగుతవి. ఆకును అడ్డంగా పట్టుకుని ఎడమనుంచి కుడికి వ్రాస్తారు కనుక పంక్తి, నార ఒకే దిక్కున పోతవి. కలంతో సిరా పూసినట్లు కాక, గంటంతో ఆకు పై పొరను గీరి వ్రాయాలి. తరువాత మసి పూసి తుడిస్తే గీతలో నలుపు నిలిచి అక్షరం కనబడుతుంది. ఇట్లా గీరేటప్పుడు నార వెంబడి పొడవైన తిన్నని గీత గీస్తే ఆకు ఆ వెంటనే చీలే ప్రమాదం ఉన్నది. నారకు అడ్డంగా, అనగా నిలువుగా గీసిన గీతతో ఈ భయం లేదు. వంపు గీత ఏ ఒక్క నారనూ ఎక్కువ దూరం అనుసరించదు కనుక దానితోనూ లేదు.

ఈ వాదానికి మంచి సాక్ష్యం మన పొరుగునే ఉన్నది. ఒడియా, బెంగాలీ లిపులు దగ్గరి చుట్టాలు. బెంగాలీలో అక్షరం నెత్తిన తిన్నని శిరోరేఖ ఉన్నది. ఒడియాలో ఆ రేఖే వంగి గొడుగు వంటి కమాను అయినది. బెంగాలులో కలమూ సిరా వాడారు. ఒరిస్సాలో గంటం వాడారు. మూలం ఒకటే, సాధనం వేరు, ఫలితం వేరు. ప్రకృతి మనకోసం చేసిపెట్టిన ప్రయోగం వంటిది ఇది. బర్మాలో కూడా 12వ శతాబ్దపు మ్యజేది శిలాశాసనంలోని అక్షరాలకు చదరపు పోకడ ఉన్నది. తరువాతి కాలపు తాళపత్రాలలో అవే దాదాపు పూర్తి వలయాలైనవి. కనుక తాటాకు వాదం ఒట్టి కట్టుకథ కాదు. అది ఎంత దూరం వర్తిస్తుందనేదే ప్రశ్న.

ఇక పరీక్షలు. తాటాకూ గంటమూ అక్షరాన్ని గుండ్రంగా చేసితీరుతవి అంటే, అవి వాడిన ప్రతిచోటా లిపి గుండ్రబడి ఉండాలి. మనకు దక్షిణాన ఉన్న తమిళ దేశంలో శతాబ్దాల తరబడి తాటాకు మీదే గంటంతో వ్రాశారు. సంగం సాహిత్యం మనదాకా వచ్చింది ఆ ఆకుల ద్వారానే. మరి తమిళ పకారం చూడండి: ఒక నిలువు గీత, అడుగున తిన్నని అడ్డగీత, మళ్లీ నిలువు గీత, తొట్టెను పక్కనుంచి చూసినట్లుంటుంది. టకారం నిలువు గీతకు అడుగున అడ్డగీత చేర్చినది. కకార తకారాలకు నెత్తిన అడ్డగీత ఉన్నది. ఈ అడ్డగీతలన్నీ నార వెంబడి పోయేవే. ఆకులు చీలి తమిళ సాహిత్యం నశించిపోలేదు.

ఇంతకంటె ఆసక్తికరమైన విషయం మరొకటి ఉన్నది. తమిళ దేశపు దక్షిణ భాగంలోనూ కేరళలోనూ పూర్వం వట్టెళుత్తు అనే లిపి ఉండేది. ఆ పేరుకు గుండ్రని వ్రాత అని సాధారణంగా అర్థం చెబుతారు. పాండ్యుల శాసనాలు ఎన్నో ఆ లిపిలో ఉన్నవి. చోళుల అధికారం దక్షిణానికి విస్తరించిన తరువాత, 11వ శతాబ్దం నాటికి, తమిళ ప్రాంతంలో గుండ్రని వట్టెళుత్తు వెనుకబడి, కోణాలు గల తమిళ లిపి దాని స్థానం ఆక్రమించింది. ఆకు మారలేదు, గంటం మారలేదు. మారింది రాజ్యం. తాటాకే తీర్పరి అయితే గెలవవలసినది వట్టెళుత్తు కదా! పైగా తమిళ దేశంలోనే సంస్కృతం వ్రాయడానికి గ్రంథ లిపి వాడేవారు. అదే ఆకు మీద, అదే గంటంతో వ్రాసిన గ్రంథ లిపిలో వంపులు ఎక్కువ, తమిళ లిపిలో తక్కువ.

రెండవ పరీక్ష ఇంటికి మరీ దగ్గరిది. తెలుగు, కన్నడ లిపులు చాలా కాలం ఒక్కటే. వేంగి చాళుక్యుల శాసనం ఒకటీ, బాదామి చాళుక్యుల శాసనం ఒకటీ పక్కపక్కన పెడితే అక్షరాల పోలిక చూసి ఏది ఎవరిదో చెప్పడం కష్టం. 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం లోపల ఇవి క్రమంగా విడిపోయినవి. నేడు ఒక కన్నడ పుస్తకాన్ని దూరం నుంచి చూసినా తెలుగు కాదని పోల్చగలము. ఎందుచేత? ముఖ్యంగా తలకట్టు చేత. తెలుగు తలకట్టు చిన్న కొక్కెంలాగ కిందికి దిగి కుడివైపు పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు దాదాపు అడ్డగీత. కుడి చివర మాత్రం చిన్న మెలిక. అంటే తాటాకు మీద ప్రమాదకరమని మనం చెప్పే అడ్డగీత కన్నడంలో చాలా అక్షరాల నెత్తిన నిలిచి ఉన్నది! ఉభయులకూ తాటాకు ఒకటే, గంటం ఒకటే. ఒకే కారణం నుంచి రెండు భిన్న ఫలితాలు వస్తే, ఆ తేడాకు కారణం వేరొకచోట వెదకాలని తర్కశాస్త్రం చెబుతుంది.

మూడవ పరీక్ష అక్షరాల చరిత్రలో ఉన్నది. ఇది కొంచెం నిదానంగా చూడదగినది. మన లిపికి మూలం బ్రాహ్మి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కొండరాళ్లమీద నేటికీ ఉన్నవి. (వాటిలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ, నాగలి చాళ్లలాగ నడిచినవి. ఎందుకట్లా చెక్కారన్నది వేరే కథ.) ఆ బ్రాహ్మి అక్షరాలలో కకారం గణితంలోని కూడిక గుర్తు. గకారం తలకిందులైన కొడవలి కాడల జంటవలె, రెండు ఏటవాలు గీతలు పైన కలిసినది. రకారం ఒక్క నిలువు గీత. ఐతే అవన్నీ సరళరేఖలే అనుకోరాదు. ఠకారం అచ్చమైన సున్న. థకారం నడుమ చుక్క పెట్టిన సున్న. టకారం కుడివైపు తెరచిన అర్ధవృత్తం. వకారం ఒక సున్న, దాని మీద ఒక నిలువు గీత. గుండ్రదనం మన లిపి పుట్టుకలోనే, రాతిమీదనే కొంత ఉన్నది.

ఇప్పుడు రకారాన్ని పట్టుకుని 1,000 సంవత్సరాలు దాని వెంట నడుద్దాము. బ్రాహ్మిలో అది ఒక్క నిలువు గీత. ఇక్ష్వాకుల కాలానికి, అనగా క్రీ.శ. 3వ శతాబ్దానికి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ శాసనాలలో ఆ నిలువు గీత బాగా సాగి, అడుగున ఎడమవైపుకు కొక్కెంలాగ తిరిగింది. తరువాతి శతాబ్దాలలో ఆ కొక్కెం పైకి పెరిగి పెరిగి, మొదటి గీతకు సమాంతరంగా రెండవ నిలువు గీత అయినది. ఆపైన ఆ రెండు గీతలూ నడుమ ఉబ్బి దూరమైనవి. ఫలితం: తలకట్టు కింద ఒక వలయం, మన నేటి రకారం. ఒక్క తిన్నని గీత నుంచి సున్న పుట్టిన తీరు ఇది. ఈ చరిత్రలో అడ్డగీత ఎక్కడున్నది? మొదటి రకారంలో ఉన్నది నిలువు గీత మాత్రమే. నిలువు గీత నారకు అడ్డంగా పోతుంది. దానివల్ల ఆకు చీలదని తాటాకు వాదమే ఒప్పుకుంటున్నది. చీలని గీతను వంచవలసిన అవసరం ఏమి వచ్చింది? గకారం సంగతీ అంతే. రెండు ఏటవాలు గీతలు కలిసిన కోణం మెత్తబడి కమాను అయినది. అక్కడా అడ్డగీత లేదు.

కకారంలో మాత్రం నిజంగా అడ్డగీత ఉన్నది. దాని గతి ఏమైనదో చూడండి. రకారంలో వలెనే నిలువు గీత అడుగున తిరిగి పైకి లేచి ఉంగరమైనది. ఆకుకు ఆపద తెచ్చే నడిమి అడ్డగీత మాత్రం చాలాకాలం అట్లాగే ఉన్నది. కన్నడ కకారంలో ఇప్పటికీ స్పష్టంగా కనబడుతుంది. తెలుగులో అది వంపులో కలిసిపోయింది. అంటే ప్రమాదం లేని గీత ముందు వంగింది, ప్రమాదం గల గీత చివరిదాకా నిలిచింది. వాదం చెప్పే క్రమానికి ఇది సరిగా విరుద్ధం.

దీనికి తాటాకు వాదులు ఒక సమాధానం చెప్పవచ్చును. శాసనాలు రాతిమీద ఉన్నా, వాటి అక్షరాలు ఆకు మీద వ్రాసే అలవాటు నుంచి వచ్చినవే. శిల్పి ఆకు మీది వ్రాతను రాతికి ఎక్కించాడు అని. ఇందులో సత్యం లేకపోలేదు. మన తామ్రశాసనాలు పొడుగాటి రేకులుగా, రంధ్రం చేసి కడియంతో గుచ్చి ఉంటవి. తాటాకుల కట్టను త్రాటితో గుచ్చిన పద్ధతికి అది అనుకరణ అని చూడగానే తెలుస్తుంది. శాసనాన్ని కూర్చినవాడు ఒకడు, అక్షరాలు వ్రాసినవాడు మరొకడు కావడం కూడా మామూలే. రాజరాజ నరేంద్రుని నందంపూడి శాసనాన్ని కూర్చినవాడు నన్నయ. దాని లేఖకుడు వేరు. రాతిమీద వంపు చెక్కడం తిన్నని గీత చెక్కడం కంటె కష్టం కనుక, ఆ వంపు ఉలి సొంతంగా కనిపెట్టినది కాదని ఒప్పుకోవచ్చును. అది వేగంగా వ్రాసే ఏదో ఒక చేతి నుంచి వచ్చినదే.

ఐతే ఆ చేతిలో ఉన్నది గంటమేనా? కలమా? కుంచెయా? చెప్పడానికి ఆకులు కావాలి. ఆకులు లేవు. మన వేడికీ తేమకూ చెదకూ తాటాకు ఎక్కువ కాలం నిలవదు. నేడు గ్రంథాలయాలలో ఉన్న తెలుగు తాళపత్రాలలో అత్యధిక భాగం గత మూడు నాలుగు శతాబ్దాలవే. ఇక్ష్వాకుల కాలపు ఆకు కాని, క్రీ.శ. 575 ప్రాంతంలో కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు మొదటి తెలుగు శాసనం వేయించిన నాటి ఆకు కాని మనకు లేదు. గుండ్రదనం ఏర్పడుతున్న కాలం నుంచి ఒక్క ఆకైనా లేనప్పుడు, ఆకే కారణమని నిశ్చయంగా చెప్పడం సాక్షి లేని వ్యాజ్యానికి తీర్పు ఇవ్వడమే అవుతుంది.

ఇంకొక చిన్న విషయం. తాటాకు వాదంలోని ఆకుకూ లేఖకుని చేతిలోని ఆకుకూ తేడా ఉన్నది. చెట్టునుంచి కోసిన ఆకు మీద ఎవరూ గ్రంథాలు వ్రాయలేదు. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, అంచులు కత్తిరించి సిద్ధం చేసేవారు. ఇట్లా పదునుపెట్టిన ఆకు పచ్చి ఆకువలె, ఎండుటాకువలె చీలదు. శ్రీతాళపు ఆకు మరింత మెత్తనిది. ఉత్తరాదిన, పశ్చిమాన తాళపత్రాల మీద కలంతోనే వ్రాశారు. గుజరాతు, రాజస్థానాలలోని జైన భాండారాలలో శిరోరేఖతో కూడిన నాగరి అక్షరాల తాళపత్ర గ్రంథాలు ఎన్నో ఉన్నవి. కాబట్టి “తాటాకు వల్ల” అనడమే సరికాదు. అనదలిస్తే “గంటం వల్ల” అనాలి. సాధనానికీ, సాధనం నడిచే తలానికీ తేడా చూపని వివరణ శాస్త్రీయ వివరణ అనిపించుకోదు.

మరి గుండ్రదనానికి కారణమేమి? ఒక్క మాటలో చెప్పడానికి వీలులేదు. అదే ఈ ప్రశ్నలోని అందం. అన్నిటికంటె పెద్ద కారణం చేతి పరుగు అని నా అభిప్రాయం. రెండు విడి గీతలు గీయాలంటే చేతిని ఎత్తి మళ్లీ దింపాలి. ఎత్తకుండా గీస్తే కోణం వంపవుతుంది, గీత కొన కొక్కెమవుతుంది, కొక్కెం ఉంగరమవుతుంది. ఇది ఆకుకే కాదు, కాగితానికీ పలకకూ వర్తించే నియమం. మీ తరగతిలో వేగంగా నోట్సు వ్రాసుకునే విద్యార్థి పుస్తకం చూస్తే దీనికి వేరే రుజువు అక్కరలేదు. గంటం ఈ పరుగుకు సహాయపడి ఉంటుంది. అది తెచ్చిపెట్టినదని చెప్పలేము. మరొక కారణం ఒక ప్రాంతపు లేఖకుల ఆచారం. వంపు అందమని ఒక తరం అనుకుంటే తరువాతి తరం ఆ వంపును పెంచుతుంది. నాగార్జునకొండ శాసనాలలో గీతలు అవసరానికి మించి సాగి మెలికలు తిరగడం చూస్తే, అది చీలికకు భయపడిన చేయి కాదు, సొగసుకు మురిసిన చేయి అనిపిస్తుంది. ఆ రాళ్లు ఇప్పుడు సాగరం నడుమ ద్వీపంలోని మ్యూజియంలో ఉన్నవి. విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు శిల్పాలతో పాటు ఈ అక్షరాల ముందు కూడా ఒక పది నిమిషాలు నిలబెడితే బాగుంటుంది.

మూడవ కారణాన్ని సాధారణంగా ఎవరూ చెప్పరు. ప్రతి అక్షరం తన పొరుగు అక్షరం వలె కాకుండా ఉండాలి. వకారానికి కొమ్మును పక్కన చేర్చితే అది మకారమై కూర్చుంటుంది. అందుచేతనే దానిని కిందికి దించి “వు” అని వ్రాస్తాము. పకారానికి ఎడమవైపు నోరు తెరిచి ఉంచకపోతే అది వకారమవుతుంది. దకారం కింద చిన్న గీత పెడితే ధకారం, దాని కడుపులో చుక్క కూడా పెడితే థకారం. అంటే రూపాన్ని నిర్ణయించేది వ్రాసే చేయి మాత్రమే కాదు, చదివే కన్ను కూడా. చేయి అన్నిటినీ ఒకే వలయంగా కలిపివేయబోతుంది. కన్ను వాటిని విడదీయమంటుంది. లిపి చరిత్ర ఈ రెంటి పెనుగులాట.

ఇక గంటం మనకు నిశ్చయంగా ఇచ్చినది ఏమిటి? ఒకటి, గీత మందం అంతటా ఒకేలాగ ఉండడం. రెల్లు కలం వాలును బట్టి నాగరి అక్షరంలో లావు సన్నాలు వస్తవి. సూది మొనకు లావు సన్నాలు లేవు. తాళపత్రాలలో తెలుగు అక్షరం ఒకే మందపు తీగను వంచి చేసినట్లుంటుంది. తమిళ తాళపత్రాలలో పొల్లును సూచించే చుక్కను తరచు విడిచిపెట్టడం కూడా సాధనం ప్రభావమే కావచ్చును. ఇవి గుండ్రదనం కంటె గట్టి ఆధారాలు గల సంగతులు. అయినా పాఠాలలో వీటి ప్రస్తావన వినబడదు.

ఈ చర్చ అంతా పాత రాళ్ల గొడవ కదా అని అనుకోవచ్చును. కాదు. అచ్చు వచ్చిన తరువాత అక్షరం రూపాన్ని నిర్ణయించేవాడు లేఖకుడు కాక టైపు చెక్కేవాడైనాడు. బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 19వ శతాబ్దం తొలి భాగంలో శ్రీరాంపురంలోనూ మద్రాసులోనూ తెలుగు టైపు తయారైనది. చేతి వ్రాతలో పంక్తిని బట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉండే అక్షరం, సీసపు దిమ్మె మీదికి ఎక్కిన తరువాత ఎక్కడ వచ్చినా ఒకే రూపం పొందింది. కోలగా, వెడల్పుగా ఉన్న వంపులు తీరైన వలయాలుగా స్థిరపడినవి. కొన్ని టైపులలో కనబడే లావు సన్నాలు గంటం ఇచ్చినవి కావు. ఇతర అచ్చు అక్షరాల పక్కన తెలుగును పెట్టి చూసిన కంటికి నచ్చి చేర్చినవి. నేడు మనం తెలుగు లిపి స్వభావం అనుకుంటున్న గుండ్రదనంలో కొంత భాగం తాటాకుది కాదు, అచ్చుకూటానిది.

యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానం లభించింది. అది అక్షరానికి సంఖ్యను ఇస్తుంది కాని రూపాన్ని కాదు. రూపం రచించే పని ఇప్పుడు కంప్యూటరు ముందు జరుగుతున్నది. అక్కడ కూడా “తెలుగు అంటే గుండ్రం” అనే సూత్రం పనిచేసి, వృత్తలేఖినితో గీసినట్లు సున్నలు పేర్చిన టైపులు కొన్ని వెలువడినవి. పెళ్లిపత్రికకూ సినిమా పేరుకూ అవి ముచ్చటగానే ఉంటవి. పాఠ్యపుస్తకంలో చిన్న సైజులో పెట్టితే వలయాలు కన్ను నింపుతవి. వలయం పక్కన ఉన్న చిన్న గీత, లోపలి చుక్క, తెరచిన నోరు కనబడకుండా పోతవి. ప, వ, ష, ఫ ల మధ్యనూ, ద, ధ, థ ల మధ్యనూ తడబడే పిల్లవానిని మనం మందమతి అంటాము. ముందు అతని చేతిలోని పుస్తకం టైపు ఎట్లా ఉన్నదో చూడాలి. అక్షరాన్ని అక్షరం నుంచి విడదీసే గుర్తుకు చోటివ్వని టైపు ఎంత గుండ్రంగా ఉన్నా మంచి టైపు కాదు.

తాటాకు వాదాన్ని పాఠశాలలోనే పరీక్షించవచ్చును. ఖర్చు లేదు. ఒకే చెట్టు ఆకులు కొన్ని తీసుకుని, సగం నీటిలో ఉడకబెట్టి నీడన ఆరబెట్టి నునుపు చేయాలి. సగం ఉత్తినే ఎండనివ్వాలి. రెండు రకాల ఆకుల మీదా బ్రాహ్మి కకారం, తమిళ పకారం, తెలుగు రకారం తలా 50 సార్లు వ్రాయించి, ఎన్ని గీతలకు ఆకు చీలిందో అడ్డగీతలకు, నిలువు గీతలకు, వంపులకు వేరువేరుగా లెక్కవేయాలి. తరువాత మరికొన్ని ఆకులను, నారలు నిలువుగా వచ్చేటట్లు తిప్పి పెట్టి అవే అక్షరాలు వ్రాయించాలి. తప్పు నారదే అయితే ఈసారి అడ్డగీతలు క్షేమంగా ఉండి, నిలువు గీతల దగ్గర చీలికలు రావాలి. గంటం దొరకకపోతే మొన అరగదీసిన మేకు చాలు. దానిని కలంలాగ వేళ్లతో కాక పిడికిట నిలువుగా పట్టుకోవాలి. ఆకును ఎడమచేతిలో ఉంచి, ఆ చేతి బొటనవేలితో మేకు మొనను నెడుతూ, ఆకును ఎడమకు జరుపుకుంటూ పోవాలి. బల్లమీద పరచి వ్రాస్తే లెక్క సరిగా రాదు.